మన ఊరు, మన సినిమా – నాలుగో పాఠం: సౌండ్

పోయిన పాఠంలో మామిడితోట సీను తీసుకుని, అవ్వ ఎక్కడ కూర్చోవాలి, మనవడు ఎటు నుంచి రావాలి, ఏ షాట్ ఎక్కణ్నుంచి పెట్టాలి అని కాగితం మీద గీసుకున్నాం. గీసుకున్నవాళ్లలో చాలామంది, ఇంకేముంది ఈ ఆదివారం తోటకెళ్లి తీసేద్దాం అనే ఊపులో ఉంటారు. కొంచెం ఆగండి. ఈ వారం కెమెరా జోలికి పోవద్దు, పాఠం మొత్తం సౌండ్ గురించే. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా, వెలుతురు కొంచెం అటూ ఇటూ అయినా జనం కథ కోసం చూస్తారు. మాట వినపడకపోతే మాత్రం ఎంత మంచి కథైనా బొటనవేలితో పైకి తోసేసి వేరే వీడియోకి పోతారు.

తిరుపతి, చిత్తూరు వైపు సినిమా తీసేవాళ్లకు ఇంకో పెద్ద కారణం కూడా ఉంది, అది మన యాస. మన సీన్లో అవ్వ "యాడికి పోతా ఉండావురా అబ్బోడా, రేటు తేలకముందే కాయ కోయిస్తావా?" అంటుంది. కాగితం మీద ఇది ఒక ప్రశ్న. చంద్రగిరి పక్క పల్లెలో తోతాపురి తోట ఉన్న ఒక అవ్వ నిజంగా ఆ మాట అంటే అందులో కోపం, భయం, మనవడి మీద ముద్దు మూడూ ఒకేసారి వినిపిస్తాయి. తెలుగు సినిమాకి డబ్బింగ్ పాత అలవాటు కాబట్టి, "స్పాట్లో ఎట్లా ఉన్నా పర్వాలేదు, తర్వాత డబ్బింగ్ చెప్పించుకుందాం" అని అందరూ అంటారు. మీరు ఆ మాట వినొద్దు. తోటలో చెట్టు కింద కూర్చుని హాయిగా మాట్లాడిన మనిషిని ఒక మూసిన గదిలోకి తెచ్చి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, తెర మీద కదిలే తన పెదాలకు తానే మాట కలపమంటే, పదేళ్లుగా నటిస్తున్నవాళ్లకే అది కష్టం. మన అవ్వకు ఇంకెంత టెన్షన్! ఆ టెన్షన్‌లో ఆమె పుస్తకంలో భాష మాట్లాడేస్తుంది, మీరు తోటకెళ్లి తెచ్చుకున్న యాస అక్కడితో పోతుంది. అందుకే మన కోర్సులో నియమం ఒకటే: డైలాగ్ స్పాట్లోనే పట్టాలి. 1932లో మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చినప్పుడు ప్లేబ్యాక్ అనేదే లేదు, నటులు కెమెరా ముందే పాడారు. అంత బరువైన మిషన్లతో వాళ్లు చేసిన పని, జేబులో రెండు ఫోన్లు పెట్టుకున్న మనం చేయలేమా?

ముందు చోటు సంగతి చూద్దాం. లొకేషన్ చూడ్డానికి వెళ్లినప్పుడు అందరూ వెలుతురు ఎటు నుంచి వస్తోంది, గోడ రంగు బాగుందా అని చూస్తారు, మీరు ఒక చోట కూర్చుని కళ్లు మూసుకోండి. షూటింగ్ ఏ రోజు, ఏ టైమ్‌కి పెట్టుకున్నారో సరిగ్గా అదే వారం, అదే టైమ్‌కి వెళ్లండి. తిరుపతిలో పొద్దున ఐదింటికి ఉన్న వీధి ఎనిమిదింటికి ఉండదు. ఆర్టీసీ బస్టాండు, స్టేషన్ చుట్టుపక్కల అయితే యాత్రికుల బళ్లు, రైలు కూతలు రాత్రింబవళ్లు ఉంటాయి, అక్కడ డైలాగ్ సీను పెట్టుకోకపోవడమే మేలు. లోపలి కాలనీల్లో వేరే రకం మోత, ఎక్కడో ఒక చోట ఇల్లో లాడ్జో కడుతూనే ఉంటారు, టైల్స్ కోసే మిషన్ మొదలైందంటే మూడు వీధుల అవతలికి వినిపిస్తుంది. గుడి మైకు ఏ టైమ్‌కి పెడతారు, పక్కింటి బోరు మోటారు ఎప్పుడు వేస్తారు, దగ్గర్లో స్కూలు గంట ఎప్పుడు కొడతారు, ఇవన్నీ అక్కడ టీ కొట్టు అన్నను అడిగితే చెప్పేస్తాడు, రాసుకోండి. ఇంకో ముఖ్యమైన విషయం, షూటింగ్ డేట్ పెట్టేముందు పంచాంగం చూడండి. మంచి ముహూర్తాలున్న రోజున తిరుపతి, తిరుచానూరు కల్యాణమండపాల దగ్గర మేళాలు, డప్పులు ఆగవు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి ఆ బాధ ఉండదు.

చూసి వచ్చేముందు అక్కడే ఫోన్‌లో ఐదు నిమిషాలు రికార్డ్ చేసి, ఇంటికొచ్చి హెడ్‌ఫోన్‌లో వినండి. అక్కడ కూర్చున్నప్పుడు వినపడని ఫ్యాన్ రొద, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మనడం, కాకులు అన్నీ బయటికొస్తాయి. మన చెవి తనకు అక్కర్లేనిదాన్ని వదిలేస్తుంది, మైక్ దేన్నీ వదలదు.

ఇంట్లో తీస్తే ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి, నవ్వొద్దు, సౌండ్ వాళ్లు నిజంగా చేసే పని ఇది. తాళం లేకుండా ఇంటికి పోలేరు కదా, తాళం తీసుకునేటప్పుడు మళ్లీ స్విచ్ వేస్తారు, ఇల్లు ఇచ్చినవాళ్ల పాలు విరగవు. ఖాళీ సిమెంటు గది అయితే మధ్యలో నిలబడి ఒక చప్పట్లు కొట్టి చూడండి, 'టంగ్' అని మోగితే ఆ గదిలో మాట బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. బొంతలు, దుప్పట్లు, పరుపులు ఏవి దొరికితే అవి కెమెరాకి కనపడని గోడల మీద వేలాడదీయండి, నేల మీద పరచండి. కష్టమనిపిస్తే సామాన్లు నిండా ఉన్న గది వెతుక్కోండి. బట్టలు, బియ్యం మూటలు ఉన్న గదిలో మాట ఎంత బాగుంటుందో వింటే మీకే తెలుస్తుంది.

ఇక మైక్. ఫోన్‌కో కెమెరాకో ఉన్న మైక్‌తో డైలాగ్ పట్టొద్దు, అది ఎంత ఖరీదైన ఫోన్ అయినా సరే. దూరం రెట్టింపు అయితే నోట్లోంచి వచ్చే మాట 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) పడిపోతుంది, వెనకాల రోడ్డు మోత మాత్రం ఉన్నంతే ఉంటుంది. కెమెరా ఎనిమిది అడుగుల దూరంలో ఉంటే అవ్వ మాట కంటే ఆటో హారనే పెద్దగా పడుతుందన్నమాట. కాబట్టి డబ్బు కంటే దూరం ముఖ్యం, మైక్‌ని నోటికి ఎంత దగ్గర చేయగలిగితే అంత మంచిది.

అన్నిటికంటే తక్కువ ఖర్చులో అయ్యే పద్ధతి చెప్తాను. వైరున్న కాలర్ మైక్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. దాన్ని ఇంట్లో పడి ఉన్న ఒక పాత ఫోన్‌కి పెట్టి, ఆ ఫోన్‌ని నటుడి జేబులోనో, అవ్వ నడుము దగ్గర చిన్న సంచిలోనో పెట్టేయండి, అదే మీ రికార్డర్. ఫోన్‌కి రౌండ్ పిన్ లేకపోతే టైప్-సి కన్వర్టర్ కొనుక్కోవాలి, అంతే. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే మధ్యలో కాల్ వచ్చి మంచి టేక్ పోతుంది. రికార్డింగ్ యాప్ ఏదైనా సరే, సెట్టింగ్స్‌లో వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, కుదిరితే 24 బిట్ పెట్టండి. మోనోలో, అంటే ఒకే ట్రాక్‌లో, నిమిషానికి తొమ్మిది ఎంబీ కూడా కాదు, కాబట్టి మెమరీ గురించి బెంగ అక్కర్లేదు.

మైక్ ఎక్కడ పెట్టాలన్నదాని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, చాలామంది ఇక్కడే తొందరపడతారు. గడ్డం కింద ఒక జానెడు దూరంలో, ఛాతీ మధ్యలో. చొక్కా అయితే రెండు గుండీల మధ్య లోపలివైపు దాచొచ్చు. మన అవ్వకు చీర. నూలు చీర అయితే అదృష్టం, పెద్దగా చప్పుడు చేయదు. పట్టుచీరా, సింథటిక్ చీరా కదిలినప్పుడల్లా గరగరమంటాయి, అది తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా పోదు. మందులషాపులో కాగితంలా ఉండే తెల్ల ప్లాస్టర్ అమ్ముతారు, దాంతో మైక్‌ని జాకెట్టు లోపలి అంచుకి కదలకుండా అంటించి, పైన గుడ్డ మైక్‌కి రాసుకోకుండా ఇంకో ముక్క వేయాలి. వైరుని మైక్ కింద ఒక చిన్న చుట్టు చుట్టి దాన్నీ అంటించండి, అప్పుడు కింద వైరు లాగినా ఆ కుదుపు మైక్ దాకా పోదు. తాళిబొట్టు, గొలుసు మైక్‌కి తగులుతూ టక్ టక్ అంటుంటే దాన్ని కొంచెం పక్కకు జరిపి ప్లాస్టర్ వేయాలి, తీసేయమని మాత్రం అడగొద్దు. మైక్ పెట్టేది ఆమె కూతురో కోడలో అయితే ఆమెకు ఇబ్బంది ఉండదు, మీరు పక్కన నిలబడి ఎట్లా పెట్టాలో చెప్తే చాలు. గాజుల చప్పుడు పర్వాలేదు, మాట మీద పడకుండా ఉంటే అది అవ్వ చెయ్యి, ఉండనివ్వండి.

ఇద్దరి కంటే ఎక్కువ మంది మాట్లాడే సీనైతే బూమ్, అంటే పొడుగు కర్ర చివర కట్టి పట్టుకునే మైక్, మేలు. ఇంట్లో పొడుగు పెంచుకునే బూజుకర్ర ఉంటే చివర చీపురు తీసేసి, మైక్‌ని కర్రకు నేరుగా కట్టకుండా రబ్బరు బ్యాండ్ల మధ్య వేలాడేటట్టు కట్టండి, పట్టుకున్న చేతి కదలిక అందులోకి రాదు. ఎవరు మాట్లాడితే మైక్ ముక్కు వాళ్ల నోటి వైపు తిప్పాలి, అంటే పట్టుకున్నవాడికి డైలాగులన్నీ కంఠతా రావాలి.

ఇక లెవెల్, అంటే మాట ఎంత గట్టిగా రికార్డ్ అవుతోందన్న సంగతి. అవ్వ మామూలుగా మాట్లాడేటప్పుడు రికార్డింగ్ యాప్‌లో కనిపించే మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. రిహార్సల్‌లో మెల్లగా చెప్పి టేక్‌లో అరుస్తారు, ఎప్పుడూ అంతే, అందుకే కొంచెం కిందే ఉంచండి. తక్కువగా పడినదాన్ని కొంతవరకు పెంచుకోవచ్చు, సున్నా దాటి చిట్లిపోయిన మాట చిట్లిపోయినట్టే. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినే మనిషి ఒకడు తప్పకుండా ఉండాలి, ఆ మనిషి డైరెక్టర్ కాకూడదు. అతను "బాగాలేదు, ఇంకోటి" అంటే ఇంకో టేక్ తీయాల్సిందే, వాదన వద్దు.

టేక్ మొదలయ్యేముందు రికార్డర్ నడుస్తోందా, కెమెరా నడుస్తోందా చూసుకుని, సీన్ నంబరు, టేక్ నంబరు గట్టిగా చెప్పి, కెమెరాకి కనపడేటట్టు ఒక్క చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో చేతులు కలిసిన ఫ్రేమ్‌నీ, ఆ టప్‌మన్న శబ్దాన్నీ ఒకచోట పెడితే సింక్ అయిపోతుంది, అంటే బొమ్మా మాటా కలిసిపోతాయి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో కూడా రెండు ఆడియోల్నీ పోల్చి అదే సింక్ చేసుకునే సదుపాయం ఉంది, అయినా చప్పట్లు మానొద్దు. ఫోన్‌తో తీసేవాళ్లు ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు) 25 దగ్గర కదలకుండా పెట్టుకోండి. ఫోన్‌లో ఉండే మామూలు కెమెరా యాప్ ఫ్రేమ్ రేటుని తనకు తానే అటూ ఇటూ మారుస్తుంది, అప్పుడు మొదట్లో కలిసిన మాట పోనుపోను పెదాల నుంచి జారిపోవచ్చు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే, అందులో ఇది సెట్ చేసుకోవచ్చు.

చోటు మారేముందు చేయాల్సిన పనులు రెండున్నాయి. అందరూ ఎక్కడివాళ్లు అక్కడే నిలబడి ఒక నిమిషం పాటు ఏమీ మాట్లాడకుండా ఆ చోటు నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి. రెండు డైలాగుల మధ్య మోత కోసేసిన చోట ఈ నిశ్శబ్దం అతికిస్తారు, లేకపోతే చెవికి గుంటలో పడ్డట్టుంటుంది. ఆ తర్వాత, ఏ డైలాగ్ మీదైనా హారన్ పడి ఉంటే, కెమెరా ఆపేసి, మైక్ ఇంకా దగ్గర పెట్టి, అవ్వతో ఆ మాట అదే ఊపులో రెండు మూడుసార్లు చెప్పించుకోండి. ఆమె ఇంకా ఆ కోపంలోనే ఉంటుంది కాబట్టి పెదాలకు దాదాపు కలిసిపోతుంది. వారం తర్వాత పిలిస్తే ఆ కోపం దొరకదు.

తోటలో గాలి పెద్ద సమస్య, మైక్ మీద స్పాంజి, దాని మీద బొచ్చు తొడుగు రెండూ వేయండి. ఆ చోటి చప్పుళ్లు విడిగా పట్టుకోవడం అలవాటు చేసుకోండి, మామిడాకుల గలగల, కాయ బుట్టలో పడే చప్పుడు, గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరుసగా ఆగిన ట్రాక్టర్లు. వానాకాలం కపిలతీర్థం నీళ్లు, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర డప్పులు మీ దగ్గర దాచి ఉంటే ఎన్నో కథలకు పనికొస్తాయి. చంద్రగిరి కోట పురావస్తు శాఖ కిందా, తలకోన అటవీ శాఖ కిందా ఉన్నాయి, అక్కడ షూటింగ్‌కి అనుమతి కావాలి, ఆ కాగితాల పని వేరే పాఠంలో చూద్దాం.

సినిమాల్లోకి పోవాలి, దారి తెలియట్లేదు అని బాధపడే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. డైరెక్షన్ చేస్తామనేవాళ్లు మన దగ్గర వీధికొకరున్నారు, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఓపిగ్గా వినేవాళ్లు వెతికినా దొరకరు. సౌండ్ నేర్చుకుంటే ఎవరి షార్ట్ ఫిల్మ్‌కైనా మీరు కావాల్సిన మనిషే, పదిమంది డైరెక్టర్ల పని దగ్గర్నుంచి చూసే అవకాశం కూడా వస్తుంది. చదువుకోవాలనుకుంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలోనూ, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లోనూ సౌండ్‌కి ప్రత్యేక విభాగాలున్నాయి. 2009లో సౌండ్ మిక్సింగ్‌కి ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి కేరళలో ఒక పల్లె నుంచి వచ్చి ఆ పుణె ఇన్‌స్టిట్యూట్‌లోనే చదివారు. ఎవరినైనా పని అడగడానికి వెళ్లేటప్పుడు మీ దగ్గర ఒక చిన్న నమూనా ఉండాలి, ఒకే సీన్, మొదట కెమెరా మైక్‌తో, తర్వాత మీరు పట్టిన సౌండ్‌తో. అది వినిపించండి, మిగతాది వాళ్లే అడుగుతారు.

ఈ వారం పని. మీ ఇంట్లో పెద్దవాళ్లనెవరినైనా కూర్చోబెట్టి, రాసిన డైలాగ్ ఇవ్వకుండా, ఒక పాత గొడవ గురించి చెప్పమనండి. మొదట ఫోన్ మైక్‌తో ఎనిమిది అడుగుల నుంచి, తర్వాత కాలర్ మైక్ జానెడు దూరంలో పెట్టి, చివరికి వాకిట్లో గాలికి కూర్చోబెట్టి రికార్డ్ చేయండి. ప్రతిదానికీ ముందు చప్పట్లు, తర్వాత ఒక నిమిషం నిశ్శబ్దం. ఫైల్ పేర్లలో చోటు, తేదీ, టేక్ నంబరు రాసి ఇంకో చోట కాపీ పెట్టుకోండి, ఐదో పాఠంలో ఎడిటింగ్ ఈ ఫైళ్లతోనే మొదలుపెడతాం.