పాత మేడలో చెక్క నేల: మూడో పాఠం – పలక కన్నా ముందు దూలం కొస

గత పాఠంలో కారుతున్న చోటు వెతికి పెంకులు సరిచేసుకున్నాం. ఆ పని పూర్తికాని వారు ఇక్కడే ఆగండి. గోడ తడిగా ఉండగా ఎంత మంచి పలక వేసినా మళ్లీ కుళ్లుతుంది. సిరొంచ వంటి ప్రాణహిత ఒడ్డు ఊళ్లలో వానాకాలం తర్వాత గోడలు ఆరడానికి నెలలు పడుతుంది. కాబట్టి సంక్రాంతి దాటాక మొదలుపెట్టడం మంచిది.

గోడ వెంబడి పలకలను దబ్బనంతో గుచ్చండి. గట్టి చెక్క దబ్బనాన్ని దిగనివ్వదు, పెళ్లగిస్తే పొడవాటి పేడు లేస్తుంది. కుళ్లినది మెత్తగా దిగి, పొట్టి ముక్కలుగా విరుగుతుంది. టేకులో ముందు పాడయ్యేది చేవ లేని తెల్లటి అంచే. నేలంతా మార్చాలని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోవద్దు. ఆలపల్లి అడవుల పాత టేకులో ఉన్న చేవ ఇప్పుడు డబ్బు పెట్టినా సులభంగా దొరకదు. బాగున్న ప్రతి మూరనూ కాపాడుకోవాలి.

పలకలకు సుద్దతో అంకెలు వేసి, మేకులు తీసి, మెల్లగా లేపండి. అసలు పరీక్ష ఇప్పుడే. దూలం గోడలోకి దూరే చోట అడుగునా, రెండు పక్కలా గుచ్చి చూడండి. కోసిన కొస దీపం వత్తి నూనె పీల్చినట్టు గోడ తడిని పీలుస్తుంది. పైకి నిగనిగలాడే దూలం కూడా లోపల కుళ్లి పిండిలా మారి ఉండవచ్చు. దబ్బనం అంగుళం దిగితే గదిలో బరువులన్నీ తీసేసి, కింద గుంజ ఆనించి, అనుభవమున్న వడ్రంగిని పిలవండి. అది ఒంటరిగా నేర్చుకుంటూ చేసే పని కాదు.

కొస గట్టిగా ఉంటే చుట్టూ కూరిన మట్టి తీసి, దూలం ఆనిన అడుగు భాగం తప్ప మిగతా వైపుల వేలు మందం ఖాళీ ఉంచండి. సిమెంటుతో మాత్రం మూయవద్దు, తడి బయటికి పోయే దారి ఉండదు. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిసిన మందు పూయవచ్చు. నీరు తగిలితే అది కరిగిపోతుంది, అందుకే కారుడు ముందు ఆగాలి.

చెక్కలో తేమ 20 శాతం దాటి నిలిస్తే దాన్ని కుళ్లబెట్టే బూజుకు అనువు. కొత్త పలకలను అదే గదిలో పేర్చి, ఒక ముక్కను వారం వారం తూచండి. బరువు తగ్గడం ఆగాకే కోయండి. రెండు పలకలు కలిసే అతుకు, దూలం వెడల్పుకు నడిమధ్యన పడాలి, గోడ దగ్గర 10 మిల్లీమీటర్ల సందు ఉండాలి.

వచ్చే పాఠంలో అతుకులు. అప్పటికి ప్రతి దూలానికీ రెండు కొసలూ గుచ్చి చూసి, ‘గట్టి’, ‘మెత్త’ అని పక్క గోడ మీద సుద్దతో రాసి ఉంచండి.