బగ్ సరిదిద్దారు, కానీ స్థిర విడుదలలో ఇంకా ఉంది: ఎందుకు, ఏం చేయాలి?

సమస్య: కంపైలర్ (రాసిన ప్రోగ్రాంను యంత్రం నడపగల కోడ్‌గా మార్చే సాధనం) ప్రధాన శాఖలో, అంటే కొత్త మార్పులన్నీ ముందుగా చేరే కోడ్‌లో, లోపాన్ని సరిదిద్ది ఫిర్యాదును మూసివేశారు. అయినా తరువాత వచ్చిన స్థిర విడుదలలో అదే లోపం మళ్లీ ఎదురవుతోంది.

కారణం: విడుదల శాఖ, అంటే విడుదల కోసం వేరుచేసిన కోడ్ ప్రతి, ప్రధాన శాఖ నుంచి అంతకు ముందే విడిపోయింది. ప్రధాన శాఖలో చేరిన సవరణ దానంతట అది అక్కడికి రాదు. దాన్ని బ్యాక్‌పోర్ట్ చేయాలని, అంటే విడుదల శాఖలోకి కూడా తేవాలని, ఎవరో ఒకరు అడగాలి.

పరిష్కారం: ఆ సవరణను నమోదు చేసిన కమిట్ ఏయే శాఖల్లో ఉందో గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) చూసి, లేకపోతే బ్యాక్‌పోర్ట్ కోరండి. లోపం ఏ విడుదలతో మొదలైంది, తప్పించుకునే దారి ఉందా, సవరణ ఎంత కోడ్‌ను తాకుతుంది అన్న మూడింటినీ అందులో రాయండి. రస్ట్ భాష కంపైలర్ ఆరు వారాలకొకసారి విడుదలవుతుంది కాబట్టి చిన్న లోపాన్ని తదుపరి విడుదలకు వదిలేయవచ్చు. సీ, సీ++ వంటి భాషల కంపైలర్ అయిన జీసీసీ ప్రధాన విడుదల దాదాపు ఏడాదికొకటే కాబట్టి అక్కడ నిరీక్షణ భారమవుతుంది. అందుకే పాత విడుదల శాఖల్లోకి రిగ్రెషన్ (ముందు సరిగా పనిచేసి తరువాత చెడినది) సవరణలను చేర్చి 13.2, 13.3 వంటి చిన్న విడుదలలు తెస్తారు.

సమస్య: చిన్న విడుదల పెట్టుకున్నాక, అంతవరకు సరిగా నడిచిన ప్రోగ్రాం తప్పు ఫలితాలిస్తోంది.

కారణం: బ్యాక్‌పోర్ట్ చేసిన సవరణ, ప్రధాన శాఖలో కొత్తగా రాసిన విశ్లేషణ (కోడ్‌ను పరిశీలించే కంపైలర్ భాగం)పై ఆధారపడి ఉండవచ్చు. పాత శాఖలో ఆ విశ్లేషణ లేకపోయినా ఆ సవరణ పాత కోడ్‌తో ఘర్షణ లేకుండా అతుక్కోవచ్చు, పరీక్షలు కూడా నెగ్గవచ్చు. అందుకే ఇది అన్నింటికన్నా ప్రమాదకరమైనది. కంపైలర్ కుప్పకూలితే వాడుకరికి వెంటనే తెలుస్తుంది, తప్పు కోడ్ పుట్టిస్తే ఎంతకాలమైనా తెలియకపోవచ్చు.

పరిష్కారం: ముందు ఆ సవరణను వెనక్కి తీసుకోండి, ఆ తరువాతే కారణం వెతకండి. లోపం పాతదై, సరైన సవరణ పెద్దదైతే, దోషమున్న సదుపాయాన్ని తాత్కాలికంగా ఆపివేయడమే మేలు. 2021 మే 6న వచ్చిన రస్ట్ 1.52.0లోని కొత్త తనిఖీ, ఇంక్రిమెంటల్ కంపైలేషన్‌లో (మారిన భాగాన్నే మళ్లీ కంపైల్ చేసే సదుపాయం) అప్పటికే దాగి ఉన్న దోషాలను బయటపెట్టి కంపైలర్‌ను ఆపేసింది. నాలుగు రోజులకే వచ్చిన 1.52.1 ఆ సదుపాయాన్ని డిఫాల్ట్‌గా నిలిపివేసింది. బిల్డ్‌లు నెమ్మదించినా అది సరైన నిర్ణయమేనని నా దృఢాభిప్రాయం, ఎందుకంటే తొందరపడి చేసిన లోతైన మార్పు స్థిర శాఖలో మరో తప్పుకు దారితీసేది.

సమస్య: “ఈ ఒక్క సవరణ కూడా” అంటూ విడుదల తేదీ జరుగుతూనే ఉంది.

కారణం: ఏది విడుదలను ఆపదగినదో ముందే నిర్ణయించుకోలేదు.

పరిష్కారం: జీసీసీ ప్రధాన విడుదలకు ముందున్న నాలుగో దశలో రిగ్రెషన్, డాక్యుమెంటేషన్ సవరణలనే అనుమతించినట్టు, మీరూ ఒక గీత గీయండి. దానికి బయట ఉన్నవి తదుపరి చిన్న విడుదలకు వెళతాయి.