రోహిణి కార్తెకు ముందే క్యారవాన్ రూఫ్ ఏసీ పని: పైకెక్కే ముందు జాగ్రత్తలు

కోనసీమలో క్యారవాన్ అంటే ఒకప్పుడు సినిమా షూటింగుకి వచ్చేదే. ఇప్పుడు ట్రావెలర్ వ్యానుకో, పాత మినీ బస్సుకో కొత్తగా బాడీ కట్టించి, లోపల పడకలు, వంటగట్టు, నెత్తిన ఏసీ పెట్టించుకుని కుటుంబంతో తిరిగేవాళ్లు కూడా కనిపిస్తున్నారు. ఆ ఏసీకి మరమ్మతు ఉన్నా, మొత్తం మార్చాల్సి ఉన్నా ఉగాది అటూ ఇటూ ముగించెయ్యండి. మే 25 దాటి రోహిణి కార్తె వచ్చిందంటే రేకు కప్పు మీద చెయ్యి ఆనదు, మెకానిక్ ఫోనెత్తడు. ఆ తర్వాత మృగశిర. కప్పుకి కన్నం తెరిచిపెట్టుకుని మబ్బు వంక చూస్తూ కూర్చోవడం ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

అసలు దించాల్సిన పనుందా అన్నది ముందు తేల్చుకోండి. ఇళ్లలో స్ప్లిట్ ఏసీలు చూసే అతన్ని పిలిస్తే మొదట వినపడే మాట ‘గ్యాస్ అయిపోయిందండి’. రూఫ్ ఏసీ ఇంటి ఏసీలా రెండు ముక్కలుగా ఉండదు. కంప్రెసర్, రెండు కాయిల్స్, ఫ్యాన్లు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. గ్యాస్ పైపులు ఫ్రిజ్‌కి ఉన్నట్టే ఫ్యాక్టరీలోనే సీలు చేసి వస్తాయి. చాలా మోడళ్లకు గ్యాస్ ఎక్కించే వాల్వే ఉండదు. పైపుకి వాల్వు అతికించి నింపుతానని ఎవరైనా అంటే, లీకు ఎక్కడో చూపించమని అడగండి. చూపించలేకపోతే ఆ డబ్బు కొత్త యూనిట్ కోసం దాచుకోవడమే మేలు. లేబుల్ మీద ఆర్32 గానీ ఆర్290 గానీ ఉంటే అవి మండే గ్యాసులు. వెల్డింగ్ టార్చి, బీడీ రెండూ దూరంగా ఉండాలి. ఏ గ్యాసైనా సరే, తలుపులు మూసిన బండిలోకి వదిలితే ఊపిరాడదు.

చల్లదనం తగ్గడానికి ఎక్కువసార్లు కారణం మురికి ఫిల్టరు, కండెన్సర్‌లో (వేడిని బయటికి వదిలే కాయిల్‌లో) చిక్కుకున్న దుమ్ము, లేదంటే లో వోల్టేజీ. ఏసీ లోపలికి పీల్చే గాలికీ, వదిలే గాలికీ మధ్య 8 నుంచి 11 డిగ్రీల తేడా ఉంటే యూనిట్ బాగున్నట్టే. మన డెల్టా ఉక్కపోతలో ఆ తేడా కింది అంచుకే వస్తుంది, ఎందుకంటే ఏసీ శక్తిలో చాలా భాగం గాల్లోని తేమను నీళ్లుగా మార్చడానికే పోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిలో 22 డిగ్రీలు రాలేదని యూనిట్‌ని తిట్టుకోవద్దు. ఊరి చివర లైన్లలో వేసవి సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది. మల్టీమీటరులో 200 కంటే తక్కువ చూపిస్తుంటే కంప్రెసర్ వెయ్యకండి. ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతుంది, చివరికి కాలిపోతుంది. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుని చుట్టగా ఉంచి వాడినా ఇంచుమించు అదే గతి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు ఉండాలి, చుట్ట మొత్తం విప్పి పరవాలి.

ఇక కరెంటు సంగతి. ఇక్కడే నేను చాదస్తంగా ఉంటాను. ప్లగ్గు పీకితే సరిపోతుందనుకుంటారు. బండిలో ఇన్వర్టర్ ఉంటే, ప్లగ్గు పీకిన మరుక్షణం అది అందుకుంటుంది. ఆటోమేటిక్ జనరేటర్ ఉంటే అదీ మొదలవుతుంది. కాబట్టి బయటి ప్లగ్గు తియ్యాలి, ఇన్వర్టర్ ఆపాలి, జనరేటర్ తాళం జేబులో వేసుకోవాలి, 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ కూడా విప్పాలి. ఏసీ స్విచ్ ఆఫ్‌ని మాత్రం నమ్మొద్దు. పల్లెల్లో సాకెట్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారుగా ఉండటం మామూలే. అలాంటి చోట స్విచ్ ఆపినా యూనిట్‌లో కరెంటు ఉండొచ్చు.

అన్నీ తీశాక కూడా, మోటారు తిరగడానికి తోడ్పడే కెపాసిటర్‌లో ఛార్జి నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లూ కలిపి ‘టప్’ మనిపించడం మనవాళ్లకు అలవాటు. అలా చేస్తే నిప్పురవ్వలు లేస్తాయి, కెపాసిటర్ దెబ్బతింటుంది, ఉలిక్కిపడి వెనక్కి తగ్గితే కప్పు మీద నుంచి కింద పడతారు. 20 కిలో ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో తగిలించి కాసేపుంచి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. కెపాసిటర్ ఉబ్బి ఉంటే మార్చండి. మైక్రోఫారడ్ విలువ పాతదే ఉండాలి, వోల్టేజీ రేటింగు పాతదాని కంటే తగ్గకూడదు.

ఎర్తింగ్ లేని సాకెట్‌కి బండి తగిలిస్తే ఇంకో ప్రమాదం ఉంది. ఏసీలో ఎక్కడైనా వైరు ఒరుసుకుంటే బండి ఒళ్లంతా కరెంటే. టైర్లు రబ్బరువి కాబట్టి లోపలున్నవాళ్లకు తెలియదు. తడి నేల మీద ఉత్తి కాళ్లతో నిలబడి తలుపు పిడి పట్టుకున్నవాళ్లకు తగులుతుంది. పిల్లలు ఎక్కే బండైతే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) లేకుండా ఏసీ వెయ్యకండి.

పైకెక్కడానికి పొద్దున మంచు తడి ఆరాక, ఎండ ముదరకముందు మంచి సమయం. బండిని కొబ్బరిచెట్ల నీడలోకి తోలాలనిపిస్తుంది, కానీ పైనుంచి కాయ పడినా మట్ట పడినా ఏసీకీ ముప్పే, తలకీ ముప్పే. తలెత్తి కరెంటు వైర్లు కూడా చూడండి. ఉంటే బండి పక్కకు తియ్యండి, అల్యూమినియం నిచ్చెన అసలు వాడకండి. ఫైబర్ కప్పు మీద నేరుగా నడిస్తే పగులుతుంది. లోపలి ఫ్రేము ఎక్కడుందో చూసి దాని మీద ప్లైవుడ్ చెక్క పరిచి, దానిపైనే కూర్చోవాలి.

యూనిట్ బరువు మోడల్‌ని బట్టి 30 నుంచి 50 కిలోలు. బియ్యం బస్తాలు ఎత్తే జట్టుకి అదేం లెక్కకాదు, కానీ ఇక్కడ కంప్రెసర్ ఉన్న వైపే బరువంతా ఉంటుంది. నిచ్చెన మీద ఇద్దరు పట్టుకుని దింపుతుంటే ఒక్కసారిగా ఒరుగుతుంది. బండికి రెండువైపులా పరంజా కట్టించండి, లేకపోతే లారీ తొట్టి పక్కకు ఆనించి దాని మీద నుంచి అందుకోండి. కొత్త యూనిట్‌ని పక్కకి పడుకోబెట్టి తెచ్చి ఉంటే, నిలబెట్టాక కొన్ని గంటలు ఆగాకే ఆన్ చెయ్యాలి. కంప్రెసర్ ఆయిల్ మళ్లీ కిందికి దిగాలి.

కొనే ముందే కన్నం కొలవండి. అమెరికా రకాలకు 14 అంగుళాల చదరం, యూరప్ రకాలు చాలావాటికి 40 సెంటీమీటర్ల చదరం. అమెరికా నుంచి మనవాళ్లు ఎవరైనా పంపిస్తామంటే వోల్టేజీ అడగండి. అక్కడివి 115 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ మారుతుంది గానీ హెర్ట్జ్ మారదు. 60కి చేసిన మోటారు మన 50 మీద నెమ్మదించి వేడెక్కుతుంది.

గ్యాస్కెట్ అంటే యూనిట్‌కీ కప్పుకీ మధ్య నీళ్లు దిగకుండా ఉండే మెత్తటి పట్టీ. పాత గ్యాస్కెట్ జిగురంతా గీకి శుభ్రం చేశాకే కొత్తది పెట్టండి. దాని మీద సిలికాన్ పూస్తే బాగా అతుక్కుంటుందనుకోవడం పొరపాటు. గ్యాస్కెట్ తన ఒత్తిడితోనే నీటిని ఆపాలి. యూనిట్‌ని కప్పు మీద ఈడ్చకుండా ఎత్తి సరిగ్గా కన్నం మీదే దించాలి, ఈడిస్తే గ్యాస్కెట్ చిరుగుతుంది. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి. గ్యాస్కెట్ మందం సగానికి వచ్చిందంటే చాలు. ఇంకా బిగిస్తే కప్పు లోపలికి కుంగి అక్కడే నీళ్లు నిలుస్తాయి. లోపల చల్లగాలి దారికీ తిరుగుగాలి దారికీ మధ్య అడ్డుని అల్యూమినియం టేపుతో మూయడం చాలామంది వదిలేస్తారు. అది వదిలేస్తే చల్లగాలి గదిలోకి రాకుండా మళ్లీ యూనిట్‌లోకే పోయి కాయిల్ మీద మంచు కడుతుంది. తర్వాత రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి, కొన్నాళ్లు తిరిగాక బోల్టులు మరోసారి చూసుకోండి.

ఏసీ నడుస్తుంటే కప్పు మీద నుంచి నీళ్లు కారడం మామూలే. లోపల కారితే మాత్రం గ్యాస్కెట్‌ని అనుమానించే ముందు బండి ఓరగా ఉందేమో చూడండి. కాలువ గట్టు మీద ఒక పక్కకి వాలి నిలబెడితే ఏసీ నీళ్లు బయటికి పోయే రంధ్రం దాటి లోపలికే వస్తాయి. కొబ్బరి పూత, ఆకుల తుక్కు కూడా ఆ రంధ్రాలను మూసేస్తాయి.

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి సముద్రపు ఒడ్డున రాత్రుళ్లు ఆగి వస్తే ఉప్పు గాలి కాయిల్ మీది పల్చటి అల్యూమినియం రెక్కలను తినేస్తుంది. తిరిగి రాగానే కరెంటు తీసి మంచినీళ్లతో సన్నటి ధారగా కడగండి. ఆ చుట్టుపక్కల బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడగొద్దు. సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ గొట్టం అయితే రెక్కలు వంచేస్తుంది, వైరింగ్‌లోకి నీళ్లు కొడుతుంది.

బిగించాక నేల నుంచి ఏసీ పైకప్పు దాకా టేపుతో కొలిచి, ఆ ఎత్తుని డ్రైవరు ఎదుట పెద్ద అంకెలతో అంటించండి. పాత యూనిట్ కంటే కొత్తది జానెడు ఎత్తున్నా చాలు. ఊళ్ల ముఖద్వారాలు, గట్టు రోడ్ల మీదికి వంగిన కొమ్మలు, వీధికి అడ్డంగా లాగిన కేబుల్ వైర్లు, అన్నీ ఆ జానెడు దగ్గరే తగులుతాయి.