లిలీపాండ్ నొటేషన్ ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా, త్వరగా రావాలంటే ఎలా చేయాలి?

విజయనగరంలో సంగీతం నేర్చుకున్నవాళ్ల ఇళ్లలో చేతిరాత నొటేషన్ పుస్తకాలకు కొదవ ఉండదు. 1919లో మొదలైన సంగీత కళాశాల, దానికి తొలి ప్రిన్సిపాల్‌గా ఆదిభట్ల నారాయణదాసు, తర్వాత ఆ కుర్చీలో ద్వారం వెంకటస్వామి నాయుడు అంటే మరి ఆ ఊరి చరిత్రే అలాంటిది. ఆ పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, వయొలిన్ పిల్లలకు పైన స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల పాశ్చాత్య పద్ధతి), కింద తెలుగు సాహిత్యం కలిపి ఇవ్వాలనుకునే మాస్టార్లకు లిలీపాండ్ బాగా పనికొస్తుంది. నొటేషన్‌ను అచ్చుకు సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్ ఇది, 1996లో మొదలైన గ్నూ ప్రాజెక్టు. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. మౌస్‌తో స్వరాలను లాగడం ఉండదు. మనం అక్షరాల్లో టైపు చేస్తే అది చదువుకుని పీడీఎఫ్ తయారుచేస్తుంది.

అంటే మీ పాట ఒక చిన్న ప్రోగ్రామ్. ప్రోగ్రాములకుండే రెండు జబ్బులూ దీనికీ ఉంటాయి. విజయనగరంలో చక్కగా వచ్చిన ఫైలు శ్రీకాకుళంలో మీ శిష్యుడి లాప్‌టాప్‌లో గడబిడ చేస్తుంది. పాట పెరిగేకొద్దీ పని నెమ్మదిస్తుంది. మొదటిదే పెద్ద తలనొప్పి కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

1. సాఫ్ట్‌వేర్, ఫోల్డర్

2.24 వెర్షన్ నుంచి విండోస్‌కు అధికారికంగా ఇస్తున్నది 64-బిట్ మాత్రమే. పాత 32-బిట్ కంప్యూటర్ ఉంటే ఆ సంగతి ముందే చూసుకోండి. మంచి విషయం ఏమిటంటే అది జిప్ ఫైలుగా వస్తుంది, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో విప్పుకున్నా నడుస్తుంది. టైపు చేయడానికి ఫ్రెస్కోబాల్డి అనే ఉచిత ఎడిటర్ పెట్టుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది.

ఒక్కో పాటకు ఒక్కో ఫోల్డర్ చేయండి. ఫైళ్ల పేర్లు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. విండోస్‌కు పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే, లినక్స్‌కు కాదు. ఒక ఫైల్లోకి ఇంకో ఫైలును ఇంక్లూడ్ చేసేటప్పుడు (కలిపేటప్పుడు) సీ డ్రైవ్ దగ్గర్నుంచి మొత్తం దారి రాయకండి. ఫోల్డర్ లోపలి పేరు మాత్రమే రాస్తే ఎక్కడికి తీసుకెళ్లినా దొరుకుతుంది.

2. మొదటి రెండు వరుసలు

ఫైలు మొదటి వరుసలో బ్యాక్‌స్లాష్ వెర్షన్ అని రాసి, కోట్స్ మధ్య మీరు వాడుతున్న వెర్షన్ నంబరు పెట్టండి. రేపు కొత్త వెర్షన్ వచ్చి రాసే పద్ధతి మారితే, కన్వర్ట్-ఎల్‌వై అనే పనిముట్టు ఈ నంబరు చూసే పాత ఫైలును కొత్త పద్ధతికి తిప్పుతుంది. అన్నీ తిప్పలేదు గానీ చాలావరకు తిప్పుతుంది. నడిపే ముందు ఒక కాపీ తీసుకోండి.

రెండో వరుసలో బ్యాక్‌స్లాష్ లాంగ్వేజ్. లిలీపాండ్ మామూలుగా డచ్ స్వర పేర్లు వాడుతుంది. సరళీ వరుసల మాయామాళవగౌళనే తీసుకుంటే షడ్జం సి అనుకుని సి, డెస్, ఇ, ఎఫ్, జి, ఏఈఎస్, బి అని రాస్తాం. ఇంగ్లిష్ పేర్లు ఎంచుకుంటే అదే రిషభం డీఎఫ్, ధైవతం ఏఎఫ్ అవుతాయి. ఏది వాడుతున్నారో ఫైల్లోనే చెప్పేయండి.

3. స్వరాలు రాసే పద్ధతి

ఇక్కడ చాలామంది రిలేటివ్ పద్ధతి వాడతారు. అందులో ప్రతి స్వరం తన ముందున్న స్వరాన్ని బట్టి స్థాయి నిర్ణయించుకుంటుంది. టైపింగ్ తగ్గుతుంది, నిజమే. కానీ పాటలోని ఒక సంగతిని కత్తిరించి ఇంకోచోట అతికించగానే తారస్థాయిలో ఉండాల్సింది కాస్తా మధ్యస్థాయిలోకి జారిపోతుంది. మన పాటల్లో పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ప్రతి స్వరానికీ దాని స్థాయి విడిగా రాసే ఫిక్స్‌డ్ పద్ధతే నయం. తారషడ్జం కావాలంటే సి పక్కన ఒక కోట్ గుర్తు పెడతాం, అది ఎక్కడ అతికించినా తారషడ్జమే.

శ్రుతి కోసం మళ్లీ టైపు చేయకండి. అంతా సి లోనే రాసుకుని, ఐదు శ్రుతికి పాడేవాళ్లకు ట్రాన్స్‌పోజ్ ఆదేశంతో సి నుంచి జి కి మార్చండి. ఒక్క వరుస పని.

4. తెలుగు అక్షరాలు

అసలు పేచీ అంతా ఇక్కడే. సాహిత్యం డీటీపీ సెంటర్లో అనూ ఫాంట్లలో టైపు చేయించి ఉంటే అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు. నేరుగా అతికిస్తే పిచ్చిగీతలే వస్తాయి, ముందు యూనికోడ్‌కు మార్చుకోవాలి. పాత నోట్‌ప్యాడ్ వాడితే సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చూసుకోండి, లేకపోతే తెలుగు మొత్తం ప్రశ్నార్థకాలైపోతుంది.

విండోస్‌లో ఉండే గౌతమి ఫాంటు లినక్స్‌లో ఉండదు, అక్కడి లోహిత్ ఇక్కడ ఉండదు. అడిగిన ఫాంటు లేకపోతే లిలీపాండ్ దొరికినదాన్ని వాడేస్తుంది, వరుసలు అటూ ఇటూ అవుతాయి. అందుకని ఉచితంగా పంచుకోదగ్గ ఫాంటు తీసుకుని పాట ఫోల్డర్‌లోనే పెట్టండి. సాహిత్యానికి మండలి బాగుంటుంది. పాట పేరుకు గురజాడ అనే ఫాంటు ఉంది, విజయనగరంలో అది వాడకపోతే ఎలా! ఫైలు పైభాగంలో ఎల్‌వై:ఫాంట్-కాన్ఫిగ్-యాడ్-ఫాంట్ అనే ఆదేశంతో ఆ ఫాంటు ఫైలు పేరు ఇస్తే, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయకపోయినా తీసుకుంటుంది.

మాటను స్వరాల కింద విడగొట్టేటప్పుడు మధ్యలో ఖాళీ, రెండు హైఫన్లు, ఖాళీ. ఒత్తును మాత్రం దాని అక్షరం నుంచి విడదీయకండి.

5. వేగం

కొత్త కంప్యూటర్‌లో మొదటిసారి నడిపినప్పుడు అందులోని ఫాంట్లన్నిటి జాబితా తయారు చేసుకుంటుంది. ఆలస్యమైతే టెన్షన్ పడి ఆపేయకండి, రెండోసారి ఆ ఆలస్యం ఉండదు.

ఆ తర్వాత సమయం తినేది వరుసలు, పేజీలు ఎక్కడ విరగాలో లెక్కగట్టడం. వర్ణం చివరి చరణస్వరంలో ఒక స్వరం దిద్దడానికి పాట మొత్తం మళ్లీ అచ్చు వేయించుకోవడం దండగ. షోలాస్ట్‌లెంగ్త్ అనే సెట్టింగ్‌తో చివరి భాగమే చూడొచ్చు. ఒక అక్షరకాలాన్ని క్రాచెట్‌గా (పూర్తి స్వరంలో నాలుగో వంతు) రాస్తే ఆది తాళం ఆవర్తానికి ఎనిమిది, అంటే రెండు పూర్తి స్వరాల నిడివి. చివరి రెండు ఆవర్తాలు కావాలంటే దాని విలువ ఆర్1, నక్షత్రం గుర్తు, 4. పని అయ్యాక ఆ వరుస ముందు పర్సెంట్ గుర్తు పెడితే మళ్లీ మొత్తం వస్తుంది. మధ్యలోని భాగం దిద్దుతుంటే స్కిప్‌టైప్‌సెట్టింగ్‌తో ముందువెనకలు దాటేయొచ్చు.

పుస్తకం మొత్తం పెద్దదైతే ఫైల్లో పేజీ సెట్టింగ్‌లు రాసే పేపర్ బ్లాకులో పేజ్-బ్రేకింగ్‌ను మినిమల్-బ్రేకింగ్‌కు మార్చండి. అందం కొంచెం తగ్గుతుంది, డ్రాఫ్టుకు చాలు. పదిపాటలు ఉంటే పదిసార్లు నడపకుండా ఒకే ఆదేశంలో అన్ని ఫైళ్ల పేర్లూ ఇవ్వండి. లినక్స్‌లో జాబ్-కౌంట్ ఆప్షన్ ఇస్తే ప్రాసెసర్ కోర్లన్నీ పని పంచుకుంటాయి.

6. పంపే ముందు

ఫైల్లో పాయింట్‌అండ్‌క్లిక్‌ఆఫ్ అని తప్పక రాయండి. లేకపోతే మీ కంప్యూటర్‌లోని ఫోల్డర్ల దారి, అందులో మీ యూజర్ పేరుతో సహా, పీడీఎఫ్‌లో వెళ్లిపోతుంది. ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌లోకి కాపీ చేసి ఒకసారి నడిపి, రెండు పీడీఎఫ్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ప్రింటు తీయించుకునేవాళ్లకు పీడీఎఫ్ చాలు, ఫాంట్లు అందులోనే ఉంటాయి. పాటను దిద్దబోయేవాళ్లకు మాత్రం ఫాంటుతో సహా ఫోల్డర్ మొత్తం జిప్ చేసి పంపండి. వాళ్లు మ్యూజ్‌స్కోర్ (మౌస్‌తో నొటేషన్ రాసే ఇంకో సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లయితే మొదలుపెట్టే ముందే మాట్లాడుకోండి: మ్యూజ్‌స్కోర్ నుంచి మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ (నొటేషన్ సాఫ్ట్‌వేర్లు పంచుకునే ఫైలు రకం) ద్వారా లిలీపాండ్‌కు తేవడం సులువు, ఇటు నుంచి అటు తీసుకెళ్లడం కష్టం.