పాత బండి పెయింట్: పాలిష్ చేసిన మెరుపు నెల తిరక్కుండానే ఎందుకు పోతోంది?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి తలుపులు బాగానే ఉండి బానెట్, టాప్, డిక్కీ మాత్రం పాలిపోయాయంటే కారణం దాదాపు ఎప్పుడూ ఎండే. నేరుగా ఎండ పడే చోట పెయింట్ పైపొర ఏళ్ల తరబడి ఆక్సిడైజ్ అవుతూ వస్తుంది. చాలా బండ్లకు ఆ కళ తిరిగి తేవచ్చు. కానీ కాంపౌండ్ (పెయింట్ పైపొరను సన్నగా కోసే పేస్టు) డబ్బా తెరిచే ముందు రెండు నిమిషాలు పట్టే పరీక్ష ఒకటి ఉంది. దాన్ని వదిలేసి నేరుగా పాలిషింగ్ మిషన్ పట్టుకునేవాళ్లే ఎక్కువ. బండి శుభ్రంగా కడిగి, క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే బంకమన్ను లాంటి ముద్ద) రుద్ది, నీడలో చల్లబడిన ప్యానెల్ మీద పని చేస్తున్నారనే అనుకుంటాను. ఆ సంగతులు మళ్లీ చెప్పను.

ముందు ఈ పరీక్ష

తెల్ల గుడ్డకు కాస్త పాలిష్ అద్ది మసకబారిన చోట రుద్దండి. గుడ్డకు బండి రంగు అంటితే అది సింగిల్ స్టేజ్ పెయింట్, పైన క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శకమైన పొర) లేదు. అంటకపోతే క్లియర్ కోట్ ఉంది. తెల్ల బండికైతే నల్ల గుడ్డ వాడండి.

తర్వాత అదే చోట నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపు రంగు నిండుగా ఉండి, ఆరగానే మళ్లీ వెలిసినట్టు కనిపిస్తే మసక పైపైనే ఉంది, పాలిష్‌తో పోతుంది. తడిలో కూడా మచ్చ చుట్టూ తెల్లటి అంచు కనిపించి, ఆ అంచు గోరుకు తగిలితే క్లియర్ కోట్ ఊడుతున్నట్టే.

చెయ్యి పెడితే సుద్ద అంటుతోంది

సింగిల్ స్టేజ్ పెయింట్‌లో ఇది మామూలే. రంగు పొడిని పట్టి ఉంచే రెజిన్ ఎండకు విరిగిపోయి, పొడి పైకి తేలుతుంది. చూడ్డానికి భయంగా ఉన్నా అన్నిటికంటే తేలిగ్గా లొంగేది ఇదే. మీడియం కాంపౌండ్, ఫోమ్ ప్యాడ్ చాలు. ప్యాడ్ బండి రంగులోకి మారితే కంగారు పడకండి, పోతున్నది చచ్చిన పెయింటే. ఆ పొడితో ప్యాడ్ త్వరగా నిండిపోతుంది కాబట్టి మాటిమాటికీ బ్రష్‌తో దులపాలి.

అంచులు లేచి పొరలుగా ఊడుతోంది

దీనికి పాలిష్ లేదు, వ్యాక్స్ లేదు. మిషన్ పెడితే అంచు ఇంకా లేస్తుంది. ఆ ప్యానెల్‌ను సాండింగ్ చేసి, బేస్ కోట్ (రంగు పొర), క్లియర్ కోట్ కొత్తగా కొట్టించడం ఒక్కటే దారి. ఇలాంటి బానెట్‌ను గంటల తరబడి పాలిష్ చేసి ఉసూరుమనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. గోరుతో గీకి చూసి ఉంటే అంత శ్రమ తప్పేది.

మెరిసింది, కొన్ని వారాలకు మళ్లీ మసకబారింది

అందరూ బోల్తా పడేది ఇక్కడే. కొన్న రోజు బండి అద్దంలా ఉంటుంది. నాలుగు సార్లు షాంపూతో కడిగేసరికి బానెట్ మధ్యలో పాలిపోయిన మచ్చలు తేలతాయి. లేదా మీరే కష్టపడి కాంపౌండ్ కొట్టి వ్యాక్స్ పెట్టారు, నెల తిరక్కుండా పాత మొహమే. పెయింట్ మళ్లీ ఆక్సిడైజ్ అయిందనుకుంటారు. అంత త్వరగా అవదు. అసలు మసక పోనే లేదు, నూనె కింద దాక్కుంది.

అమ్మేవాళ్లు పూసే గ్లేజ్‌లలోనూ, చాలా కాంపౌండ్‌లలోనూ నూనెలు, ఫిల్లర్లు ఉంటాయి. అవి పెయింట్ మీది సన్నటి గుంతల్లో, గీతల్లో నిండి, నీళ్లు చల్లినప్పుడు కనిపించే నిండు రంగే కనిపించేలా చేస్తాయి. నీళ్లు నిమిషాల్లో ఆరిపోతాయి, నూనె పోవడానికి వారాలు పడుతుంది. తేడా అంతే. ఆ నూనె మీదే వ్యాక్స్ పెడితే అదీ సరిగ్గా పట్టదు.

తేల్చుకోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కనీసం అంతే నీళ్లు కలిపి, పాలిష్ చేసిన చోట జానెడు చదరం మీద చల్లి, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. ఈమధ్యే పెయింట్ కొట్టించిన ప్యానెల్ మీద మాత్రం వద్దు, అది మెత్తబడవచ్చు. ఒక్క టార్చ్ లైటును ఏటవాలుగా పట్టి, తుడిచిన చదరాన్నీ దాని పక్క భాగాన్నీ కలిపి చూడండి. చదరం లోపల సన్నటి గీతలు బయటపడి, రంగు ఒక మెట్టు తగ్గితే అప్పటిదాకా మీరు చూసింది నూనె మెరుపు.

అప్పుడు ఇంకా గట్టి కాంపౌండ్ కొనడానికి పరుగెత్తకండి. ముందు ప్యాడ్ చూడండి. ముఖం నున్నగా గట్టిపడి, అంచుల్లో పాత కాంపౌండ్ పక్కు కట్టి ఉంటే అది కొయ్యడం మానేసి నూనె పులుముతోంది. శుభ్రమైన ప్యాడ్ తీసుకుని, మూడు నాలుగు చిన్న చుక్కల కాంపౌండ్ వేసి, మోచేతి పొడవు చదరం మాత్రమే పెట్టుకోండి. చేతిని నెమ్మదిగా నడుపుతూ, ఒక వరుస సగం మీదకు ఇంకో వరుస వచ్చేలా నాలుగైదు సార్లు తిప్పండి. ఆల్కహాల్‌తో తుడవండి, లైటు పెట్టి చూడండి. తుడిచాక కూడా మెరుపు తగ్గని స్థితి వచ్చేదాకా ఇదే పని. ఆ చదరానికి కుదిరిన పద్ధతితోనే మిగతా బండి చేసి, అప్పుడు వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ పెట్టండి.

క్లియర్ కోట్ బండి అయితే చెయ్యి అదుపులో ఉండాలి. కంపెనీ క్లియర్ కోట్ మామూలుగా 40, 50 మైక్రాన్లే ఉంటుంది. ఎండను ఆపే పదార్థం కూడా అందులోనే ఉంటుంది కాబట్టి ఎంత కోస్తే పెయింట్ ఆయుష్షు అంత తగ్గుతుంది. ప్యానెల్ అంచులు, మడతల దగ్గర టేప్ వేయండి, పెయింట్ అక్కడే పలచన. క్లియర్ కోట్ ఉందని తేలిన చోట ప్యాడ్‌కు రంగు అంటితే అక్కడికక్కడే ఆపేయండి.

మిగతావి

ఎండిన చెరువు నేలలా సన్నటి పగుళ్లు కనిపిస్తే పెయింట్ కొట్టించడమే. పక్షి రెట్ట తినేసిన గుంత లోతుగా ఉంటే పూర్తిగా పోదు, అంచు మెత్తబడేదాకా పాలిష్ చేసి వదిలేయండి. ఉప్పునీటి మచ్చలకు నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి వెంటనే కడిగితే చాలావరకు పోతాయి.