అప్పు వసూళ్లు, మన హక్కులు – 3వ పాఠం: గుమ్మంలో ఏజెంటు

పోయిన పాఠం ఫోన్ల గురించి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 దాటాక ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టు 12న చెప్పిందని చదువుకున్నాం. కాల్ లాగు చూసి వేళలు ఒక నోటుబుక్కులో రాసి పెట్టమన్నాను కదా, ఆ పుస్తకం దగ్గర పెట్టుకోండి.

ఈసారి మనిషే వస్తాడు. బైకు ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా, వీధంతా వినబడేలా మీ పేరు పెట్టి పిలుస్తాడు. పక్కింటి తలుపు తెరుచుకోవాలనే ఆ అరుపు. పరువు పోతుందని మనం గబగబా లోపలికి రమ్మంటాం. అక్కడే దెబ్బతింటాం. మంచినీళ్లు ఇస్తే ఇవ్వండి, మాట మాత్రం గుమ్మంలోనే.

"బాబూ, మీ కార్డు చూపించండి. బ్యాంకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటరు, మాకు పంపిన నోటీసు కాపీ కూడా."

బ్యాంకు పంపిన ఏజెంటు దగ్గర ఈ మూడూ ఉండాలన్నది 2008 నుంచి ఉన్న నియమం. "ఆఫీసులో ఉన్నాయి, ముందు డబ్బు సంగతి చూడండి" అంటాడు. "తెచ్చుకుని రండి బాబూ, అప్పుడు మాట్లాడుకుందాం" అనండి. వయసులో చిన్నవాడైనా 'మీరు' అనే పిలవండి. మనం నోరు జారితే వాళ్లకు పట్టు దొరికినట్టే.

వాళ్లు వెళ్లగానే పుస్తకంలో ఇలా రాయండి:

"మంగళవారం, ఉదయం 10.40. ఇద్దరు వచ్చారు. కార్డు లేదు. 'మీ అమ్మాయి కాలేజీకి వెళ్లి చెప్తాం' అన్నారు. పైవాటా అక్క విన్నది."

'బెదిరించారు' అని రాస్తే సరిపోదు. వాళ్లు ఏమన్నారో ఆ మాటే ఉండాలి. తిట్టు అయితే తిట్టే రాయండి, సిగ్గుపడకండి. కుటుంబాన్ని, స్నేహితులను ఇందులోకి లాగడం, నలుగురిలో అవమానించడం 2022 ఆదేశాల్లో నిషేధించినవే.

గ్రూపు లోన్లవాళ్లకు లెక్క వేరు. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చే మైక్రోఫైనాన్స్ అప్పుకు వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. కిస్తీ కట్టే చోటు ఇద్దరూ కలిసి అనుకున్నదై ఉండాలి. వరుసగా రెండుసార్లైనా అక్కడికి మీరు రాకపోతేనే సిబ్బంది ఇంటికి రావచ్చు. సాటి సభ్యులను తెచ్చి మీ అరుగు మీద కూర్చోబెట్టి "కట్టేదాకా కదలం" అనిపించడం వసూలు కాదు, వేధింపు.

టీవీ, గ్యాస్ సిలిండరు ఎత్తుకుపోతామంటే భయపడకండి. వాటి మీద చేయి వేసే హక్కు ఏజెంటుకు లేదు. కొంత కట్టాలనుకుంటే నేరుగా లోన్ ఖాతాలో వేయండి, చేతికిస్తే రసీదు లేకుండా ఇవ్వొద్దు.

ఫిర్యాదు ముందు అప్పిచ్చిన సంస్థకే, రాతపూర్వకంగా. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారి దగ్గరికి, వెళ్లవచ్చు. రుసుము లేదు, వివరాలకు 14448. అయితే ఫిర్యాదు పెట్టినంత మాత్రాన వడ్డీ ఆగదు, అది గుర్తుంచుకోండి.

ఇంటిపని: ఇంట్లో ఎవరినైనా ఏజెంటుగా గుమ్మంలో నిలబెట్టి, పైన రాసిన 'మీ కార్డు చూపించండి' అన్న మాట మూడుసార్లు గట్టిగా అనండి. మొదటిసారి గొంతు వణుకుతుంది, ఫర్వాలేదు. ఫైనాన్సు బండి లాక్కెళ్లే వ్యవహారానికి ఒక పాఠమంతా పడుతుంది, అది వచ్చే వారం. బండి లోను కాగితాలు వెతికి పెట్టుకోండి.