స్పానిష్ ఇన్ఫినిటివ్‌తో సర్వనామం: ఎక్కడ తప్పుతోంది, ఎలా దిద్దాలి

సమస్య: ‘కియెరో లో బెర్’ (దాన్ని చూడాలనుకుంటున్నాను) అని రాస్తే తప్పన్నారు.

తెలుగులో ‘దాన్ని చూడాలి’ అని కర్మను క్రియకు ముందు పెడతాం. ఆ అలవాటుకొద్దీ ‘లో’ (దాన్ని, అతన్ని) రెండు క్రియల మధ్యకు వచ్చేస్తుంది. స్పానిష్‌లో దానికి అక్కడ చోటు లేదు. ఇన్ఫినిటివ్ (‘చూడటం’లా క్రియ మూల రూపం, ఇక్కడ ‘బెర్’) చివర కలిపి ఒకే పదంగా ‘కియెరో బెర్లో’ అని రాయండి, లేదా మొదటి క్రియకు ముందు ‘లో కియెరో బెర్’ అని పెట్టండి. రెండు చోట్లా పెట్టకండి. రాసిన వాక్యాన్ని ఒక్కసారి తిరిగి చూసుకుంటే ఆగిపోయే తప్పు ఇది. ఆ చూడటమే చాలామంది మానేస్తారు.

సమస్య: ముందుకు జరిపాను, అయినా తప్పే.

నేను దిద్దే రాతల్లో బాగా చదివినవారు కూడా పడేది ఇక్కడే. ‘రెండు చోట్లా పెట్టవచ్చు’ అన్న సూత్రాన్ని సగమే నేర్పుతారు. కెరేర్ (కోరుకోవడం), పొదేర్ (చేయగలగడం), ‘ఈర్ ఆ’ (చేయబోవడం), ‘తెనేర్ కె’ (చేయాల్సి ఉండటం), ‘అకబార్ దె’ (ఇప్పుడే చేసి ఉండటం) లాంటివి సర్వనామాన్ని ముందుకు రానిస్తాయి. అన్ని క్రియలూ రానివ్వవు.

‘తెంగో కె అసేర్లో’ (నేను అది చేయాలి) అన్నది ‘లో తెంగో కె అసేర్’ అవుతుంది. దాదాపు అదే అర్థమున్న ‘ఐ కె అసేర్లో’ (అది చేయాలి) మాత్రం ప్రామాణిక రాతలో కదలదు. ‘బెంగో ఆ అసేర్లో’లో (అది చేయడానికి వస్తున్నాను) ‘లో’ ముందుకు వస్తుంది, అదే అర్థమున్న ‘బెంగో పారా అసేర్లో’లో రాదు. ‘మె గుస్తా అసేర్లో’ (అది చేయడం నాకిష్టం) చూడండి: ‘మె’ గుస్తాది, ‘లో’ అసేర్‌ది. ‘మె లో గుస్తా అసేర్’ అంటే వాక్యం విరిగిపోతుంది. ‘ఎస్ ఇంపోర్తాంతె అసేర్లో’ (అది చేయడం ముఖ్యం) కూడా అంతే.

అందుకే ముందుగా ఈ సర్వనామం ఏ క్రియకు చెందిందో అడగండి. ఇన్ఫినిటివ్‌కే చెందితే దాని చివర కలపండి, అది ఎప్పుడూ ఒప్పే. ‘లా బి సలీర్’ (ఆమె బయటికి వెళ్లడం చూశాను) అన్నప్పుడు ‘లా’ చూడటానికి చెందింది, కాబట్టి సలీర్‌కు అంటించకూడదు.

సమస్య: సర్వనామాలు రెండున్నాయి.

విడదీయకండి. ‘కియెరె దార్మెలో’ (దాన్ని నాకు ఇవ్వాలనుకుంటున్నాడు) లేదా ‘మె లో కియెరె దార్’. ‘మె కియెరె దార్లో’ తప్పు. ‘లె’ (అతనికి, ఆమెకు) తర్వాత ‘లో’ వస్తే ‘లె’ కాస్తా ‘సె’ అవుతుంది: ‘దార్సెలో’. రెండూ చివర చేరినప్పుడు ఇన్ఫినిటివ్‌లో ఒత్తి పలికే అచ్చు మీద గీత (dárselo లోని á మీద ఉన్నట్టు) తప్పనిసరి. ‘దార్లో’కు అక్కర్లేదు.

స్పెయిన్‌లో మగవారి విషయంలో ‘లో’ బదులు ‘లె’ వినిపిస్తుంది. అది ప్రాంతీయ వాడుక, సర్వనామం పెట్టే చోటు మారదు.